అప్పీలును ‘ప్రిఫర్’ చేయుట
గ్రామపెద్దలారా,

ఇసకపల్లి ఉప్పుమళ్లను గూర్చియో, మైపాడు తీరపు రొయ్యలగుంటలను గూర్చియో సర్కారు కచేరిని సమాచారము కోరినచో, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము మీకు వర్తించును. అందు 19వ సెక్షనులో ‘ప్రిఫర్ యాన్ అప్పీల్’ అను ఇంగ్లీషు మాట కలదు.

బడిలో ‘ప్రిఫర్’ అనగా ‘ఎక్కువ యిష్టపడుట’ యని నేర్పుదురు. ఇచ్చట ఆ యర్థము పొసగదు. లాటిను మూలమున దానికి ‘ముందుకు తెచ్చుట’ యని భావము; న్యాయభాషలో అప్పీలు దాఖలు చేయుట. మనసున ఇష్టపడి యూరకున్న గడువు దాటిపోవును.

30 దినములలో ప్రత్యుత్తరము రాకున్న, అటుపిమ్మట 30 దినములలోపల అదే శాఖలోని పై యధికారికి మొదటి అప్పీలు పంపవలెను. వచ్చిన యుత్తరము తృప్తికరము గాకున్న, అది అందిన నాటినుండి 30 దినములు లెక్కింపుడు. అక్కడను పని కాకున్న, 90 దినములలో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. తగిన కారణము చూపిన ఆలస్యమును మన్నింపవచ్చును గాని, దానినే నమ్మి కూర్చుండరాదు.

ఇంగ్లీషున వ్రాయువారు ‘ఐ ప్రిఫర్ దిస్ అప్పీల్’ అనవలెను. నడుమ ‘ఫర్’ చేర్చరాదు. తొలి యర్జీని తెలుగుననే వ్రాయుటకు చట్టము సమ్మతించుచున్నది. మాట యేదైనను, దాఖలు చేసిన తేదీకి రుజువు దాచియుంచుడు.