గాయమునకు న్యాయమెంత దూరము?
(లక్డీకాపూలున నొసంగిన యుపన్యాసము)



ఇచటినుండి ఖైరతాబాదు మీదుగా పోయినచో పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞానసంస్థ కలదు. ఆ సంస్థపై నడచిన యొక వ్యాజ్యపుగతి నెఱింగినచో, శరీరమునకు హాని కలిగినవాడు న్యాయమునకై యెన్ని మెట్లెక్కవలెనో తెలియును.

1990లో నిరువదియేండ్ల యింజనీరింగు విద్యార్థి జ్వరబాధతో నచట చేరెను. ఛాతీలో కణితి కనబడెను. శస్త్రచికిత్సానంతరము కాళ్లు చచ్చుబడెను. అతడు జాతీయ వినియోగదారుల కమిషను నాశ్రయింపగా, 1999లో 15 లక్షల 50 వేల రూపాయల పరిహారము లభించెను. ఉభయపక్షములును సుప్రీంకోర్టున కెక్కినవి. అచట నాతడు తన వాదమును తానే వినిపించెను. 2009 మే 14న న్యాయస్థానము వడ్డీతో కోటి రూపాయలు విధించెను.

తీర్పునకు మూలమేమి? రోగి యంగీకరించినది పరీక్షకై కణితిముక్క తీయుటకు, తీసినది కణితినే. అది వెన్నెముక చెంతనున్నను నాడీశస్త్రవైద్యుని తోడు తీసికొనలేదు. అజాగ్రత్తకు ప్రాథమికమైన యాధారమును రోగి చూపినపిమ్మట, తమ తప్పు లేదని ఋజువు చేయు భారము ఆసుపత్రిదే యనియు న్యాయస్థానము పలికెను. మోటారు ప్రమాదములందలి గుణకపు లెక్క యిట్టివానికి చాలదని, జీవితాంతపు పరిచర్య, చికిత్స, కోల్పోయిన సంపాదన, అనుభవించిన వేదన గణించెను. అది భిక్ష కాదు, హక్కు.

వైద్యము ఫలింపనంతమాత్రమున వైద్యుడు దోషి కాడు. అజాగ్రత్తయే ఋజువు కావలెను. ఋజువునకు ప్రాణము కాగితము. అంగీకారపత్రము, చికిత్సాపత్రములు, రసీదులు భద్రపఱచుకొనుడు. కోరిన 72 గంటలలో వైద్యపత్రముల నీయవలెనని నిబంధన కలదు. వెలయిచ్చి పొందిన వైద్యమైనచో, 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము రెండేండ్లలో ఫిర్యాదు చేయవలెను. చికిత్సకు చెల్లించిన సొమ్మునుబట్టి జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషనులలో నేదియో నిర్ణయమగును. అందఱికిని ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రియైనచో సివిలు న్యాయస్థానమే గతి.

అయ్యలారా! కాళ్లు పోయిననాడు ఇరువదియేండ్లవాడు. తుదితీర్పునాటికి నలువదికి చేరువయ్యెను. నోటీసు అందిన మూడు నెలలలో ఫిర్యాదును పరిష్కరింప యత్నింపవలెనని నేటి చట్టము చెప్పుచున్నది. ఆ మాట కాగితముననే నిలిచిపోరాదు. ఆలస్యము బాధితునకు రెండవ గాయము. దానికి పరిహారము నిచ్చు న్యాయస్థానము లేదు. కావున కమిషనులలో ఖాళీలు నింపుడని, వాయిదాలు తగ్గింపుడని పౌరులెల్లరు అడుగవలెను.