కొలిస్తేనే కదిలారు



ఈ హాల్లో డాక్టర్లు, ఇంజినీర్లు నిండుగా ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మన సదస్సులకు రాలేరు. అందుకే వాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడతాను.

కాగితాలకైతే కొదవ లేదు. వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన ఒడంబడికలో 28వ అధికరణం, వీసా సరిగా లేదన్న సాకుతో అత్యవసర వైద్యం ఆపరాదంటుంది. అంటే కల్లివెల్లి అయినవాడికీ, అంటే సరైన వీసా లేకుండా ఉండిపోయినవాడికీ, ఆసుపత్రి తలుపు తెరవాలి. ఆరు గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ దాన్ని ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదు, ఎవరినైనా నిలదీసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. వలసదారుల ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సభ 2008లో తీర్మానం చేసింది. తీర్మానాలు అమలు చేయించే పోలీసులు ఆ సభ జరిగే జెనీవాలో ఉండరు.

మరి ఈ సంస్థలు దేనికి? ఖతర్‌ను చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో దోహాలో కార్యాలయం తెరిచింది. మరుసటి వేసవిలో పరిశోధకులు పనిచోట్లకే పోయి, ఎండలో కూలీల ఒంటి వేడిని కొలిచారు. 2021లో నిబంధన మారింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని బంద్. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కట్టే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాల్సిందే. ఉపన్యాసాలకు కదలనిది కొలతకు కదిలింది.

కొలవనిది ఇంకా ఉంది. ముప్పై ఏళ్లవాడు రాత్రి పడుకుని లేవడు, మరణ పత్రంలో ‘గుండె ఆగి సహజ మరణం’ అని రాస్తారు. గుండె ఆగకుండా ఎవరు పోతారండీ? ఎందుకు ఆగిందో కదా చెప్పాలి! ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇచ్చే 10 లక్షలు, మరణాల్లో ప్రమాద మరణానికే. ‘సహజం’ అని రాస్తే ఆ ఇంటికి ఆ డబ్బు రాదు. ఆరోగ్యంగా ఉన్న యువకుల ఇలాంటి చావులపై విచారణ మెరుగుపడాలని కార్మిక సంస్థ కూడా 2021 నవంబర్ నివేదికలో చెప్పింది.

మృతదేహాలను ఊళ్లకు చేరుస్తున్న గల్ఫ్ తెలుగు సంఘాలకు దండం పెడతాను, ఒక పనీ అడుగుతాను. పేర్లు తీసేసి వయసు, పని, చనిపోయిన నెల, పత్రంలో రాసిన కారణం ఒక పట్టికలో రాసిపెట్టండి. ఇక్కడున్న డాక్టర్లు దాన్ని పరిశీలించాలి. తర్వాత జెనీవాలోని ఆ సంస్థలకూ, ఢిల్లీకీ, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఒకేసారి పంపుదాం.