తెల్లని అవక్షేపం ఏర్పడింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, కొత్త ప్రయోగశాల ప్రారంభం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

ఇందాక ప్రయోగశాలకు రిబ్బను కత్తిరించారు కదా, దాని గురించే నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళు సైన్సు మాస్టారుగా పనిచేసినవాడి చేతికి మైకు ఇస్తే పాఠమే చెబుతాడు. ఓర్చుకోండి.

మా రోజుల్లో ఇక్కడ ల్యాబు అంటే వరండా చివరి గది. రెండు బల్లలు, ఆరు స్పిరిటు దీపాలు. అక్కడే మా మాస్టారు మా చేత కాపర్ సల్ఫేట్, అదే మైలుతుత్తం, తయారు చేయించారు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కాస్త వేడిచేసి, నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడిని చెంచా చెంచాగా వేస్తూ కలపాలి. ద్రావణం నీలంగా మారుతుంది. ఎంతవరకు వేయాలి? ఇక కరగక అడుగున నల్లగా మిగిలేదాకా. పొడి మిగిలిందంటే ఆమ్లమంతా ఖర్చయిందని అర్థం. మిగిలిన పొడిని వడకట్టి తీసేయొచ్చు. ఆమ్లం మిగిలితే వడపోత కాగితానికి చిక్కదు. ఇంత చిన్న సంగతి, నేను ఉద్యోగంలో చేరి పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు గాని నా బుర్రకు సరిగా ఎక్కలేదు.

వడకట్టిన ద్రావణాన్ని పింగాణీ గిన్నెలో కాస్తూ, మధ్యమధ్య గాజుకడ్డీ ముంచి తీయాలి. కడ్డీ చివర చల్లారగానే సన్నని స్ఫటికాలు కనిపిస్తే దీపం ఆర్పి, గిన్నె మీద కాగితం కప్పి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. నాకంత ఓపిక ఎక్కడిది? బయట కబడ్డీ మొదలైంది. దీపం ఆర్పకుండానే పోయాను. తిరిగొచ్చేసరికి గిన్నెలో తెల్లగా పాలిపోయిన పొడి. ఏం చేయాలో తోచక, బీరువాలోని సీసాలోంచి నాలుగు నీలం పలుకులు తీసి, పొట్లం కట్టి, దాని మీద నా పేరు రాసి ఇచ్చేశాను.

మాస్టారు పొట్లం విప్పి చూశారు. కొట్టలేదు. "నీ గిన్నె ఏదిరా?" అన్నారు. తెచ్చాను. పొడి మీద రెండు చుక్కలు నీళ్ళు వేయమన్నారు. చుక్క పడినచోటల్లా నీలం తిరిగొచ్చింది. స్ఫటికంలోని నీరు పోతే రంగు పోతుంది, నీరు చేరితే రంగు వస్తుంది. "పొట్లం సంగతి తర్వాత, ముందు ఈ చూసింది రాయి" అన్నారు.

మా తరగతిలో తమలపాకు తోటల పిల్లలకు మైలుతుత్తం కొత్త కాదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు: తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం. కలిపాక శుభ్రమైన చాకు ముంచి చూస్తారు. చాకు మీద ఎర్రగా రాగి పట్టిందా, ఇంకాస్త సున్నం పడాలి. రికార్డు పుస్తకం లేకపోయినా పరీక్ష మాత్రం మానరు, ఎందుకంటే తప్పితే మాడేది సొంత తోట.

కరగని లవణానికి దారి వేరు. కరిగే లవణాలు రెండింటి ద్రావణాలు కలిపితే, కరగనిది అవక్షేపంగా అడుగుకు దిగుతుంది. బేరియం క్లోరైడ్‌లో సోడియం సల్ఫేట్ పోస్తే తెల్లగా బేరియం సల్ఫేట్ వస్తుంది. వడకట్టి, స్వేదన జలంతో కడగాలి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తెల్లటి మసక రానంతవరకు కడగాలి. ఈ కడగడం దగ్గర పిల్లలు విసుక్కుంటారు. కాని బేరియం క్లోరైడ్ కరుగుతుంది కాబట్టి ఒంట్లోకి పోతే విషం. బేరియం సల్ఫేట్‌నేమో కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగి చేత తాగిస్తారు. కరగదు కాబట్టి లోపలికి ఎలా పోయిందో అలాగే బయటికి వస్తుంది.

ఇప్పుడు ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి. ఇక్కడిది కాదు, నేను పనిచేసిన మరో ఊరిది. ఇన్‌స్పెక్షన్ వస్తోందని రికార్డులు హడావిడిగా పూర్తి చేయిస్తున్నాను. ప్రయోగాలకు టైము లేదు. బోర్డు మీద రాసేశాను: "తెల్లని అవక్షేపం ఏర్పడింది." నలభై మందిలో ఒక్క అమ్మాయి మాత్రం సీసాలు తెచ్చుకుని నిజంగా కలిపింది. పరీక్షనాళిక నా ముందు పెట్టి, "సార్, నాకు రాలేదు" అంది. చూస్తే మంచినీళ్ళలా తేటగా ఉంది. "బోర్డు మీదున్నది రాయమ్మా" అన్నాను. ఆ పిల్ల "ఏమీ ఏర్పడలేదు" అని రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేసి, పైన నా చేత్తో "తెల్లని అవక్షేపం" అని దిద్దాను.

సాయంత్రం మనసు ఊరుకోక, బేరియం క్లోరైడ్ అని చీటీ ఉన్న సీసాలోది తీగకు అంటించి మంటలో పెట్టాను. బేరియమైతే మంట లేతాకుపచ్చగా రావాలి. పసుపు తప్ప ఏమీ రాలేదు. అది వంటింటి ఉప్పు. ఎవరు పోశారో, చీటీ ఎప్పుడు మారిందో. ఉప్పులో సోడియం సల్ఫేట్ పోస్తే ఏ అవక్షేపమూ రాదు. ఆ అమ్మాయి చూసింది, రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఇన్‌స్పెక్షన్‌లో రికార్డులు బాగున్నాయన్నారు. మర్నాడు తరగతిలో చెబుదామనుకున్నాను. నలభై మంది ముందు నోరు పెగల్లేదు. ఆ ఏడాది చివర ఆ అమ్మాయి పది పాసై వెళ్ళిపోయింది.

అందుకే కొత్త గదిలో సీసాలు సర్దేముందు, నిన్న పదో తరగతి పిల్లలతో కూర్చుని పాత స్టోరులోంచి వచ్చినవన్నీ ఒక్కొక్కటే పరీక్షించాం. మూడు సీసాల్లో ఉన్నదానికీ, చీటీ మీద ఉన్నదానికీ పొంతన లేదు. పిల్లలు ఆ చీటీలు పీకేసి "తెలియదు" అని రాసి అంటించి, పక్కన పెట్టారు. బేరియం క్లోరైడ్ సీసా మాత్రం సరైనదే. పరీక్షనాళికలు కడిగి ఉంచాం. సభ అయ్యాక వచ్చి మీ చేత్తో కలిపి చూడండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కునే భోజనాలకు వెళ్ళండి.