పిస్తోలు వెనక చేతిపని



ఏ ఎన్‌సీసీ మాస్టారి పేరున ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. మాస్టారి పాఠం గురి చూడటంతో మొదలయ్యేది కాదు. పుల్‌త్రూ తాడుకు చిందీ కట్టి, పాయింట్ టూ టూ రైఫిల్ గొట్టాన్ని తుడవడంతో మొదలయ్యేది. అందుకే ఈ యేడు పతకాల చరిత్రను పక్కనబెట్టి, పతకాల వెనకున్న పనితనం చరిత్ర చెప్పాలనుకున్నాను. పోటీ పిస్తోలుకు తూటా ఎట్లా సిద్ధమవుతూ వచ్చింది, ఆ పిస్తోలును మనిషి చేతికి ఎట్లా కుదురుస్తూ వచ్చారు అన్నది ఇవాళ్టి విషయం.

ముందుగా ఒక మాట. పిస్తోలు పోటీలో ఒక గొప్ప గుండు కొట్టినవాడు గెలవడు. అరవై గుండ్లనూ ఒకే తీరుగా పంపినవాడు గెలుస్తాడు. ఆ ఒకే తీరు కోసం మనుషులు పడ్డ పాట్లే ఈ చరిత్రంతా.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. మన జహీరాబాదుకు గంటలోపు ప్రయాణంలో బీదరు కోట ఉంది. బహమనీ ప్రధాని మహమూద్ గవాన్ 1472లో బెళగావి కోటను ముట్టడించినప్పుడు గోడల కింద సొరంగాలు తవ్వించి మందు పేల్చాడు. దక్కనులో మందుగుండు వాడకానికి దొరికే తొలి స్పష్టమైన దాఖలాల్లో అదొకటి. సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తే తుపాకి మందు. బీదరు కోటలోని మట్టితో బిద్రీ పనివాళ్లు జింకు పాత్రలకు నలుపు తెస్తారని మీకందరికీ తెలుసు. ఆ మట్టిలో సురేకారం పాలు ఉండటమే అందుకు కారణమని చెబుతారు. బిద్రీ హుక్కాకు నిగనిగలాడే నలుపునిచ్చే పదార్థమూ, కోటగోడల్ని కూల్చిన మందులోని పదార్థమూ ఒకటేనని తెలిసిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఆనాటి మందుతో చిక్కల్లా ఒక్కటే, అది ఏ రెండు రోజులూ ఒకలా మండదు. గింజ ముతకగా ఉంటే నిదానిస్తుంది, సన్నగా ఉంటే తొందరపడుతుంది, చెమ్మ తగిలితే మొరాయిస్తుంది. కోటగోడను కూల్చడానికి ఆ తేడా అడ్డం రాలేదు. దూరంలోని చిన్న చుక్కను కొట్టాలన్నప్పుడు మాత్రం అదే పెద్ద శత్రువు.

హైదరాబాదులో ఆయుధాల తయారీ గుర్తు నేటికీ ఒక పేటకు పేరై నిలిచింది. రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫతే మైదానం దగ్గర ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు, ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అంటున్నాం. ఆ ఫతే మైదానమే తర్వాత లాల్ బహాదుర్ స్టేడియమైంది.

ఆ కాలపు తుపాకులు దాదాపు అన్నీ మూతినుంచి మందు కూరేవి. కాల్చేవాళ్లలో చాలామంది మందు కొలిచి, గుండు దించి, గజంతో కూరుకోవాల్సిందే. తన తూటాను తనే తయారు చేసుకోవడం అప్పట్లో సరదా కాదు, చాలామందికి వేరే దారి లేదు. 1807లో స్కాట్లండు మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బ తగిలితే నిప్పు రాజేసే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మందు, గుండు కాగితంలో చుట్టిన తూటాలు సైన్యాల్లో అప్పటికే వాడుకలో ఉన్నాయి. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి పూసిన కొవ్వు దేశాన్నే మండించింది, ఆ కథ మీకు తెలిసిందే.

అసలు మలుపు ఖోకాతో, అంటే మందునూ గుండునూ పట్టి ఉంచే ఇత్తడి గుల్లతో వచ్చింది. ఇత్తడికి ఉన్న గుణం చూడండి. మందు మండగానే ఖోకా ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుంటుంది, పొగను వెనక్కి రానివ్వదు. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని తేలిగ్గా బయటికి వస్తుంది. వచ్చింది చెడిపోలేదు కూడా. మళ్లీ కొలతకు నొక్కితే మళ్లీ పనికొస్తుంది. 1866 ప్రాంతంలో ఇద్దరు సైనికాధికారులు, ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డన్, వేర్వేరుగా ఖోకా అడుగున దెబ్బకు నిప్పు రాజేసే ప్రైమర్ అమర్చే పద్ధతులు కనిపెట్టారు. బాక్సర్ పద్ధతిలో నిప్పు పోవడానికి ఖోకా నడిమధ్యన ఒకటే రంధ్రం ఉంటుంది కాబట్టి, అందులోంచి సూది దింపి వాడిన ప్రైమర్‌ను ఒక్క పోటుతో నెట్టేయొచ్చు. బెర్డన్ పద్ధతిలో పక్కలకు రెండు చిన్న రంధ్రాలు, దాన్ని ఊడబెరకడం తలనొప్పి. విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది యూరపులో. అమెరికాలో ఇంటింటా రీలోడింగ్ బల్లలు వెలవడానికి ఈ చిన్న రంధ్రం ఒక ముఖ్య కారణం.

రీలోడింగ్ అంటే ఇదే. ఖోకాను శుభ్రం చేయడం, కొలతకు నొక్కడం, కొత్త ప్రైమర్ పెట్టడం, మందు తూచి పోయడం, గుండు కూర్చోబెట్టి మూతిని బిగించడం. ఖర్చు తగ్గుతుందని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. పోటీల్లో నిలబడ్డవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం మాత్రం వేరు. కార్ఖానా తూటా లోకంలోని తుపాకులన్నిటికీ సరిపోవాలి. ఇంట్లో కట్టుకున్న తూటా ఒక్క తుపాకికి సరిపోతే చాలు. ఆ ఒక్క గొట్టానికి నచ్చిన గుండు ఏది, ఏ మందుతో, ఎంత లోతున కూర్చుంటే గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయి అన్నది నెలల తరబడి వెతుకుతారు. ఇరవై అయిదు మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో వాడే పాయింట్ త్రీ టూ తూటాకు గుండు ముక్కు చదునుగా ఉంటుంది. కాగితంలో పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రని బెజ్జం పడుతుంది, గీత తాకిందా లేదా అన్న తగవు రాదు. మన దేశపు షూటర్ జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం కొట్టింది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే. 2006లో దోహాలో 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును అందుకున్నదీ ఇందులోనే.

1976లో అమెరికాలోని కొలంబియా పట్టణంలో పుట్టిన ఐపీఎస్‌సీ అనే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల తీరు వేరు. పరుగెత్తుతూ, మలుపులు తిరుగుతూ కాల్చే ఆట అది. అక్కడ గుండు బరువును వేగంతో గుణించి ఒక శక్తి అంకె కడతారు. నిర్వాహకులు పోటీదారు తూటాలు కొన్ని తీసుకుని, గుండు తూచి, వేగం కొలిచి చూస్తారు. హద్దుకు తగ్గితే మార్కులు పోతాయి. హద్దు మరీ మించితే తన్ను ఎక్కువై చేయి తేరుకోదు. అక్కడి వాళ్లకు రీలోడింగ్ ఆటలో సగభాగం.

ఈ పనిలో ప్రాణాపాయం ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడను. ఒక ఖోకాలో మందు పడకపోతే ప్రైమర్ ఒక్కటే గుండును గొట్టం మధ్యదాకా తోసి వదిలేస్తుంది. అది గమనించక రెండోసారి కాలిస్తే గొట్టం పగులుతుంది. మందు రెండుసార్లు పడితే చెప్పనక్కర్లేదు. మన దేశంలో దీనికి చట్టం గట్టి కంచె వేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. తూటా తయారీకైనా, తుపాకి మరమ్మతుకైనా లైసెన్సు లేకుండా చేయి పెట్టకూడదని దాని అయిదో సెక్షను చెబుతుంది. ఈ కంచె ఉండాల్సిందేనని నా అభిప్రాయం. పేరున్న క్రీడాకారులకు సర్కారు కొంత వెసులుబాటూ ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అంతర్జాతీయ పతక విజేతలు ఆటకోసం 12 ఆయుధాల దాకా ఉంచుకోవచ్చు. అంతకుముందు ఆ హద్దు 7. అయినా అమెరికాలోలా గ్యారేజీలో ప్రెస్సు బిగించుకునే సంస్కృతి ఇక్కడ పెరగలేదు. మన షూటర్ల పనితనం మరో దారి పట్టింది.

ఆ దారి ఏమిటో చెప్పాలంటే పాయింట్ టూ టూ దగ్గరికి రావాలి. ఒలింపిక్స్‌లో మహిళల ఇరవై అయిదు మీటర్ల పిస్తోలుకు వాడేది ఈ తూటానే. దీనికి విడి ప్రైమర్ ఉండదు, రాజుకునే రసాయనం ఖోకా అంచు మడతలోనే ఉంటుంది. పిన్ను ఆ అంచును నలిపేస్తుంది, ఖోకా పని అంతటితో సరి. దాన్ని మళ్లీ నింపడం కుదరదు. కట్టుకోవడం కుదరనప్పుడు ఏరుకోవడం మొదలైంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న తూటాలు కూడా తయారీ లాటు మారితే గుణం మారతాయి. అందుకని గొట్టాన్ని బిగింపులో పెట్టి, లాటు తర్వాత లాటు కాల్చి, గుంపు ఎక్కడ బిగుతుగా పడిందో చూసి, ఆ లాటునే కొని దాచుకుంటారు. ఎయిర్ పిస్తోలు పెల్లెట్లదీ అదే కథ. 4.48, 4.49, 4.50 మిల్లీమీటర్లని తల కొలతలు వేరువేరుగా అమ్ముతారు. మిల్లీమీటరులో నూరోవంతు తేడాకు వేరే డబ్బా!

ఇక పిస్తోలు సంగతి. పోటీకి ముందు అధికారులు పిస్తోలు నిలబెట్టి ట్రిగ్గరుకు తూకపు రాయి తగిలిస్తారు. ఎయిర్ పిస్తోలుకు 500 గ్రాములు, ఇరవై అయిదు మీటర్ల పిస్తోలుకు 1000 గ్రాములు. ఆ బరువును పైకెత్తేటప్పుడు ట్రిగ్గరు జారకూడదు. ఈ హద్దులోపలే షూటరు తన లోకం కట్టుకుంటాడు. ట్రిగ్గరు కదలికకు రెండు దశలుంటాయి. మొదటి దశలో బరువులో ఎక్కువ భాగం వేలికి ఎక్కుతుంది, అక్కడ ఒక గోడలాంటిది తగులుతుంది, ఆ పైన ఇంకొంచెం నొక్కితే తెగుతుంది. తెగిన తర్వాత ట్రిగ్గరు ఎంత దూరం వెళ్లి ఆగాలి అన్నదానికీ ఒక మర ఉంటుంది. అది వదులైతే వేలు ముందుకు పడి, గుండు గొట్టం దాటేలోపే మూతి కదులుతుంది. ఒక్కో మరను పావు మలుపు తిప్పి, వారం రోజులు కాల్చి చూసి, మళ్లీ పావు మలుపు వెనక్కి తిప్పే ఓపిక కావాలి.

పిడి పని ఇంకా సూక్ష్మం. అక్రోటు కర్రతో చేసిన పిడిని కొని, తన అరచేతికి తగిలి నొప్పిపెట్టే చోట ఆకురాయితో అరగదీస్తారు, ఖాళీ ఉన్నచోట ఎపాక్సీ ముద్ద నింపుతారు. పిడి చేతిని చుట్టేయకూడదని నియమం. మంచి పిడికి గుర్తు చెబుతాను. కళ్లు మూసుకుని చేయెత్తి, తెరిచి చూసేసరికి ముందు సైటు వెనక సైటు గాడిలో నడిమధ్యన నిలబడి ఉండాలి. మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వస్తే లోపం మనిషిది కాదు, పిడిది.

ఈ చేతిపని విలువ దేశానికి తెలిసింది 2021 జులైలో. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల అర్హత పోటీలో ఉండగా పిస్తోలు మీట విరిగింది. మరమ్మతు అయి తిరిగి వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575తో 12వ స్థానం, ఫైనల్‌కు రెండు పాయింట్ల దూరం. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు తెచ్చింది. టోక్యోలో ఓడిన రోజు చాలామంది ఆమె మనోధైర్యాన్ని తూచారు. తూచాల్సింది ఆ విరిగిన మీటనని నేనంటాను.

మన రాష్ట్రానికి వద్దాం. 2002 జాతీయ క్రీడలతో హైదరాబాదుకు గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజి దక్కింది. హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. అంతకు ముందరి ఏడాదే, 2011లో, పుణెలో గన్ ఫర్ గ్లోరీ అకాడమీ మొదలుపెట్టాడు. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ ఆ శిక్షణలోనే ఎదిగి, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం కొట్టాడు. పిస్తోలులో మన పేరు ఈషా సింగ్. 2018లో తిరువనంతపురం జాతీయ పోటీల్లో, పదమూడేళ్ల వయసులో, మను భాకర్‌ను, హీనా సిద్ధును దాటి సీనియర్ ఎయిర్ పిస్తోలు విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం ఇరవై అయిదు మీటర్ల పిస్తోలు జట్టుది. ఆ పోటీ రెండో సగంలో లక్ష్యం మూడు సెకన్లు తెరుచుకుని ఏడు సెకన్లు మూసుకుంటుంది. ఆ మూడు సెకన్లలో చేయెత్తి, సైటు కుదుర్చుకుని, వేయి గ్రాముల ట్రిగ్గరు తెంచాలి. పిడి అటూ ఇటూ అయితే సర్దుకోవడానికి సమయం ఉండదు.

జహీరాబాదులో ఈ ఆట మొదలుపెట్టడానికి అడ్డంకులు మనం అనుకున్నన్ని లేవు. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్తోలుకు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల గది, వెనక గట్టి అడ్డు, పెద్దవాళ్ల కాపలా ఉంటే చాలు. లోటల్లా దాన్ని చూసుకునే చేతులదే. సీలు అరిగితే మార్చాలి, గాలి సిలిండరు మీద తేదీ చూసి పదేళ్లు దాటినదాన్ని పక్కన పెట్టాలి, ట్రిగ్గరు తూచాలి. ఇవన్నీ చేసే మనిషిని ఆర్మరర్ అంటారు. ఇనుముతో ఇంత సన్నటి పని చేయగలవాళ్లు మన జిల్లాలో లేరా? 1984లో ఎద్దుమైలారంలో పునాది పడ్డ ఆయుధ కర్మాగారం సారథ్ యుద్ధ వాహనాలు చేస్తోంది. భానూరులో క్షిపణులు తయారవుతున్నాయి. మన ఊళ్లో మహీంద్రా ట్రాక్టర్లు బిగిస్తున్న పిల్లలు దినమూ మైక్రోమీటరు పట్టుకుంటున్నారు.

నిర్వాహకులకు నాదొక విన్నపం. మాస్టారి స్మారక నిధి నుంచి వచ్చే ఏడాది ట్రోఫీ కొనకండి. దాని బదులు రెండు ఎయిర్ పిస్తోళ్లు, 500 గ్రాముల తూకపు రాయి ఒకటి, సీళ్ల డబ్బా ఒకటి కొనండి. ఐటీఐలో ఫిట్టరు చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో ఏదైనా మంచి అకాడమీకి ఆరు నెలలు పంపి ఆర్మరర్ పని నేర్పించండి. వాళ్లు తిరిగొచ్చిన తర్వాతే పిల్లల చేతికి పిస్తోలు ఇవ్వండి.