ఊళ్లు మునిగింది ఇక్కడ, కొలువులు మొలిచింది ఎక్కడ?

(శ్రీశైలంలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ కొండ కింద నీళ్లున్నాయి. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు మునిగినాయి. భూమీ ఇల్లూ పోగొట్టుకున్న కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. ఆ కాగితం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వయసు దాటిపోయినవాళ్లు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అందుకే ప్రజల సొమ్ముతో ఏది కట్టినా మనం అడగాల్సినవి రెండు ప్రశ్నలు. డబ్బు ఎవరిది? కొలువు ఎవరికి?

ఈరోజు విశ్వవిద్యాలయాల గురించి ఆ రెండు ప్రశ్నలే అడుగుతున్నాం.

యూనివర్సిటీ వస్తే ఊరు పెరుగుతుంది

యూనివర్సిటీ అంటే తరగతి గదులు మాత్రమే కాదు. హాస్టల్ మెస్సుకు కూరగాయలు కావాలి. గదులు అద్దెకు పోతాయి. జిరాక్స్ షాపు, టీ అంగడి, ఆటో నడుస్తాయి. అటెండరు, ల్యాబ్ అసిస్టెంటు, వాచ్‌మన్ కొలువులు పుడతాయి. తర్వాత కంపెనీలు వస్తాయి.

హైదరాబాదు గచ్చిబౌలినే చూడండి. 1973 ఆరు సూత్రాల పథకంలో వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి గురించి మాట్లాడారు. ఆ పథకంలోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నారు. 1974లో దాన్ని రాజధానిలోనే పెట్టారు. 1998లో ట్రిపుల్ ఐటీ, 2001లో ఐఎస్‌బీ దాని దగ్గరికే చేరినాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలూ ఆ చుట్టుపక్కలే వెలిసినాయి. మన పిల్లలు బస్సెక్కి అక్కడికి పోయినారు.

మనకిచ్చిన మాట ఏమైంది? 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో పెడతామని రాసుకున్నారు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. కర్నూలుకు 2008లో. కేంద్రీయ విశ్వవిద్యాలయం అనంతపురంలో మొదలైంది 2018లో. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తరం కాచుకున్నాం.

అమరావతికి అప్పు, సీమకు జమానతు

అమరావతికి ఇంత కాలం పట్టలేదు. 2015లో శంకుస్థాపన జరిగితే, 2017కల్లా రెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తరగతులు మొదలుపెట్టినాయి. వాటికి భూములను ప్రభుత్వమే కేటాయించింది. 2018లో సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. వాటికి రాష్ట్ర ప్రభుత్వం హామీ ఉంది. హామీ అంటే సీఆర్‌డీఏ కట్టలేకపోతే ఖజానా కట్టాలి. ఆ ఖజానాలో పత్తికొండ రైతు డీజిలుకు కట్టిన పన్నూ ఉంది. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి సుమారు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసినాయి.

గుంటూరు పిల్లలు చదువుకుంటే మాకు కడుపుమంట లేదు. అప్పు అందరి పేరా, కొలువు ఒక్కచోటా అంటేనే మా అభ్యంతరం.

ఉద్యోగ మిత్రులకు 1975 రాష్ట్రపతి ఉత్తర్వు తెలుసు. జిల్లా స్థాయి కింది పోస్టుల్లో 80 శాతం స్థానికులకని అందులో ఉంది. అయితే అది సర్కారు పోస్టులకు. కాంట్రాక్టరు పెట్టుకునే మెస్సు, సెక్యూరిటీ, పారిశుధ్య పనులకు ఆ రక్షణ లేదు. 2019లో 75 శాతం స్థానిక కొలువుల చట్టం వచ్చింది. అది పరిశ్రమలకు, ఫ్యాక్టరీలకు. మరి యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడిన పిల్లవాడికి ఏ చట్టం ఉంది?

శ్రీశైలానికి ఏం కావాలి?

1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల పీఠం శ్రీశైలానికి వచ్చింది. శాసనాలకూ శైవ మఠాలకూ నెలవైన ఈ క్షేత్రానికి అంతకంటే తగిన చదువు ఏముంటుంది? కానీ దాన్ని పెంచలేదు. 2014 విభజన చట్టంలో విశ్వవిద్యాలయం పదో షెడ్యూలుకెక్కి ఆస్తుల పంచాయితీలో పడింది.

చుట్టూ పులుల అభయారణ్యం ఉందంటారు. నిజమే. అడవి కొట్టి నగరం కట్టమని మేం అడగడం లేదు. డ్యాం కట్టినవాళ్ల కోసం వేసిన సున్నిపెంట ప్రాజెక్టు కాలనీ ఉంది. ఆ రోడ్లు, నీళ్లు, క్వార్టర్లు అన్నీ ప్రజల సొమ్ముతో వచ్చినవే. అక్కడే చరిత్ర, అటవీ శాస్త్రం, జలవనరులు, గిరిజన అధ్యయనాలతో పూర్తి స్థాయి విశ్వవిద్యాలయం పెట్టండి.

మూడు మాటలు రాతలో ఉండాలి. ఒకటి, బడ్జెట్‌లో ఏటా కచ్చితమైన కేటాయింపు. రెండు, కాంట్రాక్టు పనులతో సహా కింది కొలువులన్నింటిలో ముంపు కుటుంబాలకు, నల్లమల చెంచులకు మొదటి హక్కు. మూడు, ఆ షరతు అప్పు పత్రంలోనూ టెండరులోనూ ముందే ఉండాలి. భవనం లేచినాక అడిగితే ఇంకో 98వ జీవో చేతిలో పెడతారు.

విద్యార్థులు ఊరూరా ముంపు కుటుంబాల జాబితా రాయండి. ఉద్యోగులు జీవోలు చదివి వాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టండి. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే కుర్చీ మన చేతిలో లేనంత కాలం మనం అర్జీలు పెట్టుకుంటూనే ఉంటాం. ఆ కుర్చీ కోసమే ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్నాం.

జై రాయలసీమ!