లాగేసే నీరు, అలిసే గుండె

   డాక్టర్లైన మీతో ఇవాళ ఒక్క సంగతే మాట్లాడతాను. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీస్తున్నది గుండె జబ్బు. ఇది కొత్త విషయమేమీ కాదు. 1960లో సియాటిల్‌లో వైద్యుడు స్క్రిబ్నర్ దీర్ఘకాల డయాలసిస్ మొదలుపెట్టిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ పదకొండేళ్లు బతికి, 1971లో గుండెపోటుతో పోయాడు. ఈ రోగుల్లో రక్తనాళాలు త్వరగా పూడుకుపోతున్నాయని 1974లో స్క్రిబ్నర్ బృందమే రాసింది. పూడికే కారణమైతే కొవ్వు తగ్గిస్తే సరిపోవాలి కదా? జర్మనీలో 1,255 మంది మధుమేహ డయాలసిస్ రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో, 2,776 మంది మీద జరిపిన మరో పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. వాటిలో కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు చెడ్డ కొలెస్ట్రాల్‌ను నలభై శాతానికి పైగా దించాయి. గుండెపోట్లు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి చూస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందునుంచీ వాడుతున్నవాళ్ల మాత్ర మాన్పించమని నేననడం లేదు. ఆ మాత్ర రాసేసి గుండె పని అయిపోయిందనుకోవద్దు, అంతే.

ఎందుకంటే ఈ గుండెకు దెబ్బ వేరే దారిలోనూ తగులుతోంది. డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. తర్వాత మిషన్ ఆ నీటిని గంటల్లో లాగేస్తుంటే గుండె కండరానికి రక్తం చాలక, కొన్ని భాగాలు కాసేపు సరిగ్గా ముడుచుకోవు. ఈ దెబ్బ మళ్లీ మళ్లీ తగిలితే అది శాశ్వతమవుతుంది. అరవై కిలోల మనిషికి మూడు లీటర్లు తీయాలనుకోండి. నాలుగు గంటల్లో తీస్తే కిలోకు గంటకు 12.5 మిల్లీలీటర్లు, మూడు గంటల్లో తీస్తే దాదాపు 17. పదమూడు దాటినవాళ్లలో మరణాలు ఎక్కువని 2011లో తేలింది. ఈ భాగహారానికి నీట్ ర్యాంకు అక్కర్లేదు, అయినా మనలో చేసేవాళ్లెందరు? అదే ఏడాది అమెరికాలో 32 వేల మందికి పైగా రోగుల లెక్క తీస్తే, వారాంతపు పెద్ద విరామం ముగిసిన రోజున ఏటా నూటికి 22.1 మరణాల చొప్పున, మిగతా రోజుల్లో 18 చొప్పున కనిపించాయి. అది వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ల సంగతి. మన దగ్గర చాలామందికి దొరుకుతున్నవి రెండే. సోమ, గురువారాలకు వచ్చే మనిషికి గురువారం తర్వాత మూడు రోజులు ఖాళీ.

ఇవన్నీ పరిశీలనలే, ఎక్కువ నీరు పెరిగేవాడు ముందే జబ్బు ముదిరినవాడై ఉండొచ్చు కదా అంటారు. సరైన ప్రశ్నే. కానీ 2010లో 245 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి ఒక వర్గానికి వారానికి ఆరుసార్లు డయాలసిస్ చేస్తే జఠరిక బరువు తగ్గింది. డయాలసిస్ సూది గుచ్చే రక్తనాళం, అంటే ఫిస్టులా ఇబ్బందులూ పెరిగాయి, కాబట్టి నేను ఆరు అడగను. మూత్రం ఇంకా బాగా వచ్చేవాళ్లకు వారానికి రెండుసార్లే చాలవచ్చు, కానీ ఆ మూత్రం కొలిచి చెప్పండి, ఊహించి కాదు. ఇక రోగే నీళ్లు తాగేస్తున్నాడన్న నింద. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు. ఆవకాయ, ఎండుచేపల సంగతి ఓపిగ్గా మాట్లాడకుండా నీళ్ల గ్లాసు మీద కేకలేస్తే ఏం లాభం? పైగా బీపీ పడిపోకూడదని మిషన్ ద్రవంలో సోడియం పెంచి, మనమే వాడికి ఉప్పెక్కించి దాహంతో ఇంటికి పంపుతాం. తర్వాత తిట్టేదీ మనమే!

ఎక్కువసార్లు, ఎక్కువసేపు చేయాలన్నదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒకరికి నాలుగో గంట ఇస్తే ఇంకొకరి షిఫ్టు పోతుంది. 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మంచిదే, అయినా కొరత కొరతే. గంట దొరకనప్పుడు కనీసం మూడు లీటర్లూ ఒక్కసారే లాగకండి. ప్రమాదం లేదనుకున్నంత తీసి, మిగిలిన నీటికి ఆ వారంలోనే ఇంకో పూట అడగండి. దొరక్కపోతే కేసు షీటులో ‘రోగి మాట వినలేదు’ అని రాయకండి, ‘షిఫ్టు దొరకలేదు’ అని రాయండి. మిషన్లు కావాలని రేపు అడిగేవాళ్లకు ఆ కాగితాలే ఆధారం. మీ చేతిరాత వాళ్లకు అర్థమైతే.