తగవరి యూహ



మన గ్రామములయందు తగవు తీర్పగూర్చున్న పెద్దలు మిక్కిలి తరచుగా చేయు పని చెరిసగము చేయుట. పది సెంట్ల నేలకై యిరువురు వాదించినచో చెరి యయిదు సెంట్లు. ఇది సులభము, చూచుటకు న్యాయముగను కనబడును. కాని యిరువురును తృప్తి లేకయే యింటికి పోవుదురు. ఏలయన, ఎంత నేల యను ప్రశ్నకు పెద్దలు బదులు చెప్పిరి గాని, ఆ నేల యెందులకని యెవ్వరు నడుగలేదు. ఒకనికి కళ్ళము కావలసియుండవచ్చును. రెండవవానికి బండి పోవు దారి కావలసియుండవచ్చును. నూర్పుల దినములలో కళ్ళముగను, తక్కిన కాలమున దారిగను ఆ పది సెంట్లును ఇరువురకు నుపయోగపడును. అయిదు సెంట్లలో కళ్ళమును చాలదు, బండియు తిరుగదు.

తగవు రూపమునే మార్చు నిట్టి యూహకు మన యాంధ్రదేశ చరిత్రలో నొక గొప్ప నిదర్శనము గలదు. అది 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ అను గృహమున కోస్తా నాయకులకును రాయలసీమ నాయకులకును జరిగిన యొడంబడిక.

ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనని కోస్తావారు కోరుచుండగా సీమవారు వెనుకాడుచుండిరి. వారి భయమునకు కారణము లేకపోలేదు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు మన డెల్టా పండినది. పంటతోపాటు చదువులును, ఉద్యోగములును వచ్చినవి. సీమకు వచ్చినవి కరవులు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడినపుడు దాని కేంద్రము అనంతపురమునకు రావలెనని సీమవారాశించిరి. అది బెజవాడలో నారంభమై పిదప వాల్తేరునకు పోయెను. మదరాసు పెత్తనము తప్పి కోస్తా పెత్తనము వచ్చుటవలన లాభమేమని వారనుకొన్నచో తప్పుపట్టరాదు. 1957లో ప్రకాశం బారేజి పూర్తియైనది మొదలు దాని యెగువనున్న మా భవానీపురము నొద్ద కృష్ణ నిండుగా నిలిచియుండును. దినమును ఆ నీటిని చూచువారమగు మాకు, నీరు లేనివాని భయ మర్థమగుట కష్టము.

సామాన్యుడగు తగవరి శాసనసభలో స్థానముల లెక్క తేల్చి లేచియుండును. శ్రీబాగున కూర్చున్నవారు ఆ లెక్కయు వ్రాసిరి గాని యంతటితో నిలువలేదు. ప్రతిష్ఠయంతయు నొకే పట్టణమున గుమిగూడకుండ విశ్వవిద్యాలయము, రాజధాని, హైకోర్టు వేరువేరు చోటుల నుండుట మేలనిరి. రాజధాని, హైకోర్టులలో నొకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావలెనో కోరుకొను హక్కు సీమవారిది. కృష్ణా, తుంగభద్ర, పెన్నానదుల నీటి పథకములలో పది సంవత్సరములు, లేక యవసరమైనంత కాలము, సీమకు ప్రాధాన్య మీయవలెననిరి. వాల్తేరునకు తోడు అనంతపురమున రెండవ విద్యాకేంద్ర ముండవలెననిరి.

అన్నదమ్ముల పంపకములలో మనమెరిగిన పద్ధతియే యిది: పంచువా డొకడు, ముందుగా కోరుకొనువాడు వేరొకడు. ఇందు ఎవ్వరును ఎదుటివాని మంచితనమును నమ్మనక్కరలేదు. భయపడువాని చేతికే యెన్నిక నిచ్చిరి, భయము తగ్గెను. ఉద్యోగపర్వమున పాండవులకు అయిదూళ్ళయినను చాలునన్న మాటను కొందరు సంధికి మేలైన యూహగా చెప్పుదురు. నాకట్లు తోపదు. అది పాలు తగ్గించుటయే గాని తగవు రూపు మార్చుట గాదు. దుర్యోధనుని బాధ నేలను గూర్చినది కాదు గదా!

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు రాజధాని కర్నూలాయెను. మరుసటి యేడు హైకోర్టు గుంటూరున వెలసెను. రాజధాని బెజవాడకే రావలెనని మనవారిలో ననేకులు పట్టుబట్టిరి. అయినను మాట నిలిచెను. 1956లో తెలంగాణముతో కలసినపుడు రెండును హైదరాబాదునకు పోయినవి; అది వేరు కథ.

మరి నీటి మాట యేమాయెను? రాజధానిని ఒకనాటితో నిచ్చివేయవచ్చును. నీటిని ఏటేట నీయవలెను. ఆ ప్రాధాన్యమును ఎవరు కనిపెట్టి చూడవలెను, తప్పినచో ఎవరి నడుగవలెను అను సంగతి యొడంబడికలో తేలలేదు. అందుచేతనే సీమవారు నేటికిని శ్రీబాగు పేరెత్తి యడుగుచునే యున్నారు. వారి యడుగుటలో న్యాయము గలదని నా యభిప్రాయము. డెల్టావాడనైన నేనీ మాట యనుట కొందరికి రుచింపకపోవచ్చును.

ఇక మన కాలువల క్రింద వచ్చు తగవు చూడుడు. ఎగువ మళ్ళు నిండినగాని శివారు పొలమునకు నీరు పోదు. గంటలు సమముగ పంచినను శివారువానికే నష్టము. నీరు క్రిందికి దిగుటకే వాని వంతులో సగము గడచిపోవును. వంతును శివారునుండి మొదలుపెట్టి యెగువకు రానిండు. తన వంతు త్వరగా రావలెనన్న యాత్రముతో ఎగువవాడే గట్టు గండిపడకుండ కాపు కాయును. ఆ వంతుల కాగితమున గంటలు మాత్రమే గాక, తూము తలుపు తీయువా డెవడు, గండిపడిన దినము ఎవరి లెక్కలో పడును అనునవి కూడ వ్రాయుడు.

ఆస్తి తగవు పొసగినయెడల ఆ రాజీని లోక్ అదాలతునకు కొనిపోవుట మేలు. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి అచటి తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. రచ్చబండ కాగితమునకు ఆ బలము లేదు. రాజీకి వీలులేని నేరములు మాత్రము లోక్ అదాలతునకును రావు, రచ్చబండకును రారాదు. అవి న్యాయస్థానమున తేలవలసినవి.